టాప్ గేర్లో చప్పుడు పోతుందా?

పెదనాన్న పోయాక ఆయన అంబాసిడర్ ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. 1974 మోడల్, మార్క్ 2. అన్నయ్యలిద్దరూ వేరే ఊళ్లలో ఉంటారు, ఇద్దరికీ కొత్త కార్లున్నాయి. పాత ఇనుముకి వేసేద్దాం అన్నారు. పెద్దమ్మ ఏమీ అనకుండా తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు తోలుకో" అంది. చిన్నప్పుడు ఆ బండి నేర్పమని నేను ఎన్నిసార్లు అడిగినా పెదనాన్న నవ్వేసి, "హ్యాండ్ గేరు ఆడపిల్లల వల్ల కాదమ్మా" అనేవాడు. స్టీరింగ్ పక్కన చీపురుపుల్లలా నిలబడే ఆ గేరు రాడ్డు చాలాకాలం నాకు మగవాళ్ల వస్తువులాగే కనిపించింది.

నాలుగు నెలలు బండి బాగానే తిరిగింది. ఆ తర్వాత కాళ్ల కింద నుంచి రొద మొదలైంది. రెండు వీధుల అవతల పిండిమర ఆడుతుంటే వినిపిస్తుందే, అలాంటిది. ఊళ్లో ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, లోపల కూర్చుని, రెండు నిమిషాల్లో తేల్చేశాడు: "గేర్ బాక్స్ పోయింది మేడమ్. మొత్తం మార్చాలి. మార్చడానికి బాక్సు ఎక్కడా దొరకదు. అమ్మేయండి."

అమ్మేసేదాన్నేమో. పెద్దమ్మే, "మీ పెదనాన్న ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గరికి వెళ్లేవాడు, ఓసారి చూపించు" అంది. విజయవాడ ఆటోనగర్‌లో వీధులన్నీ నూనె రంగులోనే ఉంటాయి. ఎలాగో వెతికి పట్టుకున్నాను. డెబ్భై దాటిన మనిషి. బానెట్ ఎత్తలేదు, పానా పట్టుకోలేదు. స్టూలు మీద కూర్చునే మూడు ప్రశ్నలు అడిగాడు.

"బండి ఆగి, గేరు లేకుండా ఇంజన్ ఆడుతున్నప్పుడు చప్పుడుందా అమ్మా?"

ఉంది.

"క్లచ్ తొక్కితే?"

ఆగిపోతోంది.

"టాప్ గేర్లో పోతుందా?"

నేనెప్పుడూ గమనించలేదు. అదే చెప్పాను. "అయితే హైవే దాకా పోయి, విని రా" అన్నాడు. చప్పుడు ఎలా ఉందని అసలు అడగనే లేదు. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది, అంతే ఆయనకి కావలసింది.

హైవే మీద మూడో గేరు దాకా పిండిమర ఆడుతూనే ఉంది. టాప్‌లో వేశాను. ఎవరో కరెంటు తీసేసినట్టు ఆగిపోయింది.

ఆ మూడు ప్రశ్నలు ఎక్కడివని ఆ రాత్రి నుంచి వెతకడం మొదలుపెట్టాను. ఒక్కో ప్రశ్న వెనక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

బెల్టులు, పళ్లు

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే ఆవిడ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్లకి పైగా దారి. కారులో ఎవరైనా అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి. బ్రేకు చెక్కలు అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు కొట్టించింది. మిట్టలు వచ్చినప్పుడు మాత్రం ఇంజన్ చాల్లేదు. పిల్లలు దిగి తొయ్యాల్సి వచ్చింది. ఇల్లు చేరాక, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని ఆవిడే భర్తకి చెప్పిందంటారు. అంటే తక్కువ గేరు కావాలని మొదట అడిగింది హ్యాండిల్ పట్టుకున్న ఒక ఆడమనిషి. ఈ సంగతి పెదనాన్నకి చెప్పి ఉండాల్సింది.

బెంజ్ బండిలో శక్తి తోలు బెల్టుల మీదుగా చక్రాలకి వెళ్లేది. బెల్టు జారుతుంది, సాగుతుంది, వానకి తడిస్తే పట్టు వదిలేస్తుంది. కానీ పెద్దగా చప్పుడు చెయ్యదు. చప్పుడు పుట్టింది పారిస్‌లో. పానార్ ఎ లెవాసోర్ అనే సంస్థ అంతకుముందు చెక్క కోసే యంత్రాలు చేసేది. డైమ్లర్ ఇంజన్ హక్కులు లూయిజ్ సారజాఁ అనే వితంతువు ద్వారా ఆ సంస్థకి వచ్చాయి. ఎమిల్ లెవాసోర్ తర్వాత ఆవిడనే పెళ్లి చేసుకున్నాడు. 1891లో అతను బండి మొత్తాన్ని కొత్త వరసలో పెట్టాడు: ముందు ఇంజన్, దాని వెనక క్లచ్, ఆ వెనక పళ్ల చక్రాలు, చివర్న వెనక చక్రాలకి శక్తి. తర్వాత చాలా దశాబ్దాలపాటు దాదాపు కార్లన్నీ ఆ వరసనే నడిచాయి. మా అంబాసిడర్ కూడా అదే వరస.

లెవాసోర్ ఏర్పాటు సూటిగా ఉంటుంది. రెండు కడ్డీలు పక్కపక్కన. రెండింటి మీదా రకరకాల సైజుల పళ్ల చక్రాలు. ఒక కడ్డీ మీది చక్రాల గుత్తిని పక్కకి జరిపితే ఒక జత విడిపోయి ఇంకో జత కలుస్తుంది. తిరుగుతున్న పళ్లలోకి తిరుగుతున్న పళ్లని తోసెయ్యడమే. రెండు వేగాలు సరిపోతే సరే, లేకపోతే గర్ర్‌మని ఉక్కు ఉక్కుని కొరుకుతుంది. ఈ పద్ధతి మోటుదే కానీ పని చేస్తుంది అన్న అర్థంలో లెవాసోరే ఒక మాట అన్నాడని చెప్పుకుంటారు. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి మళ్లీ పారిస్ వచ్చే పందెంలో, రెండు పగళ్లూ రెండు రాత్రులూ దాదాపు తానొక్కడే నడిపి, 48 గంటల 48 నిమిషాల్లో అందరికన్నా ముందు తిరిగొచ్చాడు. మోటు పద్ధతి పని చేస్తుందని అలా ప్రపంచానికి తెలిసింది.

మూడో ప్రశ్న వయసు

ఆ పద్ధతిలో ఒక లోటు ఉంది. ఏ గేరులో వెళ్లినా శక్తి పళ్ల మీదుగానే వెళ్లాలి. నెమ్మదిగా వెళ్లినా రొదే, వేగంగా వెళ్లినా రొదే. దీన్ని సరిచేసింది లూయీ రెనో అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు. 1898 చివర్లో అతను ఒక చిన్న బండి తయారుచేశాడు. అందులో ఇంజన్ వైపు కడ్డీ, చక్రాల వైపు కడ్డీ ఒకే గీతలో ఎదురెదురుగా ఉంటాయి. కింది గేర్లలో శక్తి పక్కనున్న మూడో కడ్డీలోకి దిగి, అక్కడ పళ్లు మార్చుకుని మళ్లీ పైకెక్కుతుంది. టాప్ గేర్లో మాత్రం రెండు కడ్డీలు నేరుగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. శక్తి పక్కదారి పట్టకుండా తిన్నగా వెళ్లిపోతుంది. ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజు రాత్రి స్నేహితులతో పందెం వేసి మోంమార్త్ర్ కొండ మీది ర్యూ లెపిక్ అనే నిటారు వీధిని ఆ బండితో ఎక్కించాడని, తెల్లారేసరికి పన్నెండు ఆర్డర్లు వచ్చాయని కథ. ఆర్డర్ల లెక్క ఎలా ఉన్నా, ఆ ఏర్పాటుకి 1899లో పేటెంటు వచ్చింది.

పక్కనుండే ఆ మూడో కడ్డీనే మన మెకానిక్కులు లే షాఫ్టు అంటారు. టాప్‌లో కూడా అది తిరుగుతూనే ఉంటుంది, కానీ బరువు మొయ్యదు. కాబట్టి మిగిలిన గేర్లన్నింటిలో రొద ఉండి, టాప్‌లో మాత్రం పోతే, నొప్పి లే షాఫ్టుది. టాప్‌లోనూ ఉంటే ఇంజన్ వైపు షాఫ్టు బేరింగుది కావచ్చు. ఏ గేరన్న తేడా లేకుండా, గేరు తీసేసి బండిని దొర్లనిచ్చినా కూడా, చక్రం వేగాన్ని బట్టే కూత పెరిగి తగ్గుతుంటే గేర్ బాక్సుని నిందించక్కర్లేదు. వెనక డిఫరెన్షియల్‌లో క్రౌన్ పినియన్‌ని చూడాలి. ఆగిన బండి కదిలేటప్పుడు, ముందుకీ వెనక్కీ మార్చేటప్పుడు టక్‌మని ఒక్క దెబ్బ వినిపిస్తే అది ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్.

"టాప్‌లో పోతుందా?" అన్న ప్రశ్నకి 1898కి ముందు అర్థమే లేదు. అప్పటికి నిశ్శబ్దంగా ఉండే టాప్ గేరు పుట్టలేదు. ఆటోనగర్ మేస్త్రికి రెనో పేరు తెలియకపోవచ్చు. ఆ కుర్రాడి ఆలోచనని మాత్రం యాభై ఏళ్లుగా రోజూ వాడుకుంటున్నాడు.

రెండో ప్రశ్న: క్లచ్

క్లచ్ అంటే తలుపు. కాలు పైన ఉంటే తలుపు తెరిచినట్టే, ఇంజన్ తిరుగుడు గేర్ బాక్సులోకి వస్తుంది. తొక్కితే తలుపు మూసుకుంటుంది, బాక్సు లోపల అంతా ఆగిపోతుంది. అందుకే, గేరు లేకుండా ఇంజన్ ఆడుతున్నప్పుడు వచ్చే చప్పుడు క్లచ్ తొక్కగానే పోతే, అది తలుపు అవతలిది. అంటే బాక్సులోది. తొక్కినప్పుడే మొదలైతే అది తలుపుది.

తొక్కినప్పుడు వచ్చే చప్పుళ్లలోనూ తేడాలున్నాయి. పెడల్ మీద పాదం అలా ఆన్చగానే కీచుమంటే రిలీజ్ బేరింగు. పూర్తిగా తొక్కి, గేరు వేసి, బండి ఆగి ఉన్నప్పుడే మూలిగితే ఇంకా లోపల, ఇంజన్ కడ్డీ చివర ఉండే చిన్న బుష్షు. క్లచ్ తొక్కి, ఐదంకెలు లెక్కపెట్టి, అప్పుడు రివర్సు వేసినా గర్రుమంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదని అర్థం. అలాంటప్పుడు గేర్ బాక్సు విప్పితే డబ్బు దండగ.

మొదటి కార్లలో క్లచ్ ఒక గరాటులా ఉండేది. దానికి తోలు తొడిగేవాళ్లు. తోలు ఎండిపోతే క్లచ్ పట్టుకున్న క్షణంలో బండి గుర్రంలా ఎగిరేది. మెత్తబడాలని తోలుకి ఆముదం లాంటి నూనెలు పట్టించేవాళ్లు. మరీ మెత్తబడి జారుతుంటే నూనె పీల్చే మట్టి పొడి చల్లేవాళ్లు. ఎద్దుబండి ఇరుసుకి కందెన పెట్టే మనవాళ్లకి ఇదేమీ వింతగా అనిపించి ఉండదు.

తోలు పోయి ఆస్‌బెస్టాస్ కలిపిన ప్లేట్లు వచ్చాయి. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే అతను 1897లో గుర్రబ్బళ్ల బ్రేకు దిమ్మలతో మొదలుపెట్టిన ఫెరోడో సంస్థ ఈ మార్పులో ముందుంది. వేడికి కాలదు, జారదు, చవక. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం తీస్తుందని లోకం ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. పాత బండి క్లచ్ విప్పినప్పుడు లోపలి నల్లటి పొడిని నోటితో ఊదడం, గాలి గొట్టంతో కొట్టడం మన షెడ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. అది చెయ్యకూడదు. తడిగుడ్డతో తుడవాలి, మూతికి మాస్కు కట్టుకోవాలి. పాత కార్ల మీద ప్రేమ గురించి రాసే వ్యాసాల్లో సాధారణంగా ఈ వాక్యం ఉండదు. ఆ ప్రేమకి ఊపిరితిత్తులతో లెక్క చెల్లించేది బండి ఓనరు కాదు కదా.

రిలీజ్ బేరింగు సంగతి కూడా చెప్పాలి. మోరిస్, ఎంజీ లాంటి బ్రిటిష్ కార్లలో చాలాకాలం అది బాల్ బేరింగే కాదు. గుండ్రటి కార్బన్ ముక్క. తిరుగుతున్న ప్లేటుకి ఆ ముక్క వెళ్లి ఒరుసుకుంటుంది. తొక్కినంతసేపూ అరుగుతుంది. ఎర్రలైటు దగ్గర గేరు వేసి క్లచ్ తొక్కిపట్టి ఉంచడం, నడిపేటప్పుడు పాదం పెడల్ మీద ఆన్చి ఉంచడం, ఈ రెండు అలవాట్లూ దానికి యముళ్లు. కార్బన్ అయిపోయాక ఇనుము ఇనుముని రాస్తుంది. ఆ కీచు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

చెవి ఎవరిది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లెవాసోర్ తరహా గేర్ బాక్సులో పళ్లు కొరుక్కోకుండా గేరు మార్చాలంటే రెండు చక్రాల వేగాలూ కలవాలి. కలపాల్సింది డ్రైవరే. పై గేరు నుంచి కిందికి వచ్చేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదిలి ఇంజన్‌ని కాస్త రేస్ చెయ్యాలి, వేగం సరిపోయిందని చెవికి తోచగానే మళ్లీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. ఎంత రేస్ చెయ్యాలో చెప్పే ముల్లు చాలా బళ్లలో ఉండదు. ఇంజన్ స్వరాన్ని బట్టి పట్టుకోవాలి. తబలాని శ్రుతి చేసేవాడి చెవి లాంటిదే.

ఈ చెవి ఉన్నవాడికి బజారులో విలువ ఉండేది. షోఫర్ అన్న ఫ్రెంచి మాటకి మొదటి అర్థం బాయిలరుకి మంట పెట్టేవాడు అని. కార్లు వచ్చిన తొలి ఇరవై ఏళ్లలో షోఫరు అంటే సగం డ్రైవరు, సగం మెకానిక్కు. ఓనరుకి బండి మీద హక్కు ఉంటుంది, తెలివి మాత్రం షోఫరు దగ్గర ఉంటుంది. 1900ల అమెరికాలో మోటారు పత్రికల నిండా దీని మీద పెద్దింటి ఫిర్యాదులే: షోఫర్లు సామాన్ల మీద కమీషన్ తింటున్నారు, అయ్యగారు లేనప్పుడు బండేసుకుని తిరుగుతున్నారు, ఎదురు మాట్లాడుతున్నారు. దానికి 'షోఫర్ సమస్య' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఇప్పుడు చదివితే అసలు సమస్య ఏమిటో తెలిసిపోతుంది. తమకి వినపడని భాష ఒకటి పనివాడికి వినపడుతోంది.

ఆ సమస్యని హెన్రీ ఫోర్డ్ ఒక దారిలో దాటాడు. 1908లో వచ్చిన మోడల్ టి‌లో పళ్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి. రెండే గేర్లు, కాలి పెడళ్లతో మారతాయి. కొరుకుడు అన్నదే లేదు. 1927 దాకా కోటిన్నర బళ్లు అమ్ముడుపోయాయంటే, చెవి లేనివాళ్లకి కూడా అందులో చోటుండటం ఒక కారణం.

ఇంకో దారి కాడిలాక్‌ది. ఎర్ల్ థామ్సన్ అనే ఇంజనీరు, గేరు కలిసే ముందు రెండు చక్రాల్నీ చిన్న గరాటుల్లాంటి ముక్కలు ఒరుసుకునేలా పెట్టి, వాటి వేగాలు వాటంతటవే సమానమయ్యే ఏర్పాటు చేశాడు. 1928లో అది సింక్రో మెష్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ప్రకటనల్లో దాని పక్కనే ఉన్న ఇంకో మాట సైలెంట్ షిఫ్ట్. డ్రైవరు చెవి చేసే పని ఇక ఆ లోహపు ముక్క చేస్తుంది. పదేళ్లు దాటాక ఇదే థామ్సన్ బృందం హైడ్రా-మాటిక్ అనే ఆటోమేటిక్ గేర్ బాక్సుని తెచ్చి డ్రైవరు చేతినీ ఎడమ కాలినీ కూడా పని నుంచి తప్పించింది.

ఈ కథని పోగొట్టుకున్న విద్య కథగా చెప్పడం తేలిక. పాత కార్ల ప్రేమికులు సాధారణంగా అలాగే చెబుతారు. నాకు అలా చెప్పాలని లేదు. 1912 నాటి కాడిలాక్ సెల్ఫ్ స్టార్టరు వచ్చాక బండి ముందు నిలబడి హ్యాండిల్ తిప్పే బలం అవసరం తప్పింది. సింక్రో వచ్చాక ఏళ్ల తరబడి ఎవరి పక్కనో కూర్చుని నేర్చుకునే అవసరం తప్పింది. పక్కన ఎవరు కూర్చోవాలో నిర్ణయించేది ఎప్పుడూ పెదనాన్నలే. "నీ వల్ల కాదు" అన్న మాటకి ఆధారంగా ఉన్న కష్టాన్ని ఒక ఇత్తడి రింగు తీసేసింది. నేను ఈరోజు కారు నడుపుతున్నానంటే అందులో థామ్సన్ వాటా కొంత ఉంది.

మేస్త్రి విషయంలో మాత్రం నాకు వేరే ప్రశ్న ఉంది. నడపడానికి చెవి అక్కర్లేకుండా పోయింది, బాగానే ఉంది. బాగుచెయ్యడానికి కూడా అక్కర్లేదనుకున్నామా?

ఫస్ట్ గేరు జ్ఞాపకం

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకోవాలనుకున్నది. ఆయన 1911లోనే చనిపోయాడు, బండి ఏడో నిజాంకి చేరింది. సింహాసనంలాంటి సీటు, మెరిసే దీపాలు. అందరం ఫోటోలు తీసుకుంటాం. కానీ దాన్ని ఎప్పుడైనా నడిపిన డ్రైవరు గేరు మార్చేటప్పుడు ఏం విన్నాడో, ఆ చెవి ఎలా పనిచేసేదో ఏ అద్దాల గదిలోనూ పెట్టలేం. కార్ల మ్యూజియంలు రూపాన్ని దాచగలవు. చప్పుడుని దాచడం తెలియదు, దాన్ని అర్థం చేసుకునే మనిషిని దాచడం అసలే తెలియదు.

అంబాసిడర్ ఆ రెండు కాలాలకీ మధ్యది. బ్రిటన్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సీరీస్‌గా పుట్టి, 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్‌గా తయారవడం మొదలై, 2014 దాకా బతికింది. పాత అంబాసిడర్లలో నాలుగు గేర్లు. పై మూడింటికే సింక్రో ఉంది. ఫస్ట్ గేరుకి లేదు. అంటే 1928 వచ్చి వెళ్లాక కూడా ఆ ఒక్క గేరు 1891లోనే ఉండిపోయింది. బండి పూర్తిగా ఆగాకనే ఫస్ట్ వెయ్యాలి, లేకపోతే డబుల్ క్లచ్ కొట్టాలి. మూటలూ మనుషులూ ఎక్కిన టాక్సీ అంబాసిడర్లు ఘాట్ రోడ్డు మలుపులో ఊపు తగ్గకుండా ఫస్ట్‌లోకి దిగాయంటే, లోపల ఎవరో షోఫరు విద్య తెలిసినవాడు ఉన్నాడన్నమాట. వాళ్లని మనం ఉత్త డ్రైవరనే పిలిచాం.

చెయ్యి

హైవే నుంచి తిరిగొచ్చి, "టాప్‌లో పోయింది మేస్త్రిగారూ" అన్నాను.

"లే షాఫ్టు. పల్లంలో నీడిల్స్ పోయుంటాయి. బాక్సు మార్చక్కర్లేదు" అన్నాడు. అప్పటికీ బండిని ముట్టుకోలేదు.

మూడో రోజు వెళ్లేసరికి బాక్సు విప్పి ఉంది. ఆ షాఫ్టుని కిరసనాయిలులో కడిగి నా చేతిలో పెట్టాడు. వేలితో తడిమితే ఒకవైపు ఆవగింజల్లాంటి గుంటలు. సూదుల్లాంటి రోలర్లు తిరగాల్సిన చోట ఉక్కు పొట్టు లేచిపోయింది. నాలుగు నెలలుగా నేను విన్న పిండిమర ఆ ఆవగింజలే. కొత్త షాఫ్టు, రోలర్లు రెండు వీధుల అవతల ఒక పాత సామాన్ల కొట్లో దొరికాయి.

బిగించాక నన్ను తోలమని, తను పక్కన కూర్చున్నాడు. సెకండ్, థర్డ్. నా చెవికి ఇంజన్ తప్ప ఏమీ వినిపించడం లేదు. ఆయన గేరు రాడ్డు మీద, నా చేతికి కాస్త కింద, అరచెయ్యి ఆన్చి కూర్చున్నాడు.

"పోయిందా అమ్మా?" అని అడిగాడు.

మీకు తెలియడం లేదా అన్నట్టు చూశాను.

"నాకు సన్న చప్పుళ్లు వినపడవు. పదేళ్లు దాటింది. యాభై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులు కదా. చెయ్యి పెడితే తెలుస్తది. అయినా చెవున్నవాళ్లని అడగటం మంచిది."

ఆ మూడు ప్రశ్నలు ఎందుకో అప్పుడు అర్థమైంది. ఆయన తన చెవి పోయాక ఇతరుల చెవులతో వింటున్నాడు. ఏం వినాలో, ఎప్పుడు వినాలో చెబితే నాలాంటిదానికి కూడా లే షాఫ్టు వినిపిస్తుంది. పెదనాన్న నా వల్ల కాదన్న విద్యలో మొదటి పాఠం, చెవి సరిగ్గా వినపడని మనిషి పది నిమిషాల్లో చెప్పేశాడు. షెడ్డులో ఇద్దరు కుర్రాళ్లున్నారు. వాళ్లకి ఇవి నేర్పుతున్నారా అని అడిగాను. "ఈ బళ్లు ఇంకెన్నొస్తాయమ్మా? వాళ్లు కంప్యూటర్ పని నేర్చుకుంటున్నారు, అదే మంచిది" అన్నాడు. అందులో ఫిర్యాదు లేదు. నాకే ఏం చెప్పాలో తెలియలేదు.

ఎలక్ట్రిక్ కార్లకి గేర్లు మార్చే పనే లేదు. అవి మరీ నిశ్శబ్దంగా వెళ్తున్నాయని, నడిచేవాళ్లకి వినపడాలని, 2019 నుంచి యూరప్‌లో కొత్త మోడళ్లకి నెమ్మది వేగంలో కావాలని చప్పుడు పెట్టిస్తున్నారు. మామూలు గేర్ల కారు మీ ఇంట్లో ఉంటే మాత్రం ఓసారి వెనక్కి తీసేటప్పుడు అద్దాలు దించి వినండి. ముందు గేర్ల పళ్లు ఏటవాలుగా కోసి ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా కలుస్తాయి కాబట్టి చప్పుడుండదు. చాలా కార్లలో రివర్సు పళ్లు ఇప్పటికీ తిన్నవే. ఒక్కో పన్నూ ఒక్కసారిగా వచ్చి తగులుతుంది. అప్పుడు సన్నగా వినిపించే ఆ కూతలో లోపమేమీ లేదు. లెవాసోర్ నాటి పళ్లు ఇంకా మాట్లాడుతున్నాయి, అంతే.

వాహనం బాగుందని తెలిశాక మేస్త్రి దిగబోతూ, "మలుపు దగ్గర ఫస్ట్‌లోకి దించి చూడు, బండి ఆపకుండా" అన్నాడు. క్లచ్ తొక్కాను, న్యూట్రల్, వదిలాను, కాస్త రేస్ చేశాను. ఇంజన్ గొంతు పైకి లేచింది. సరిపోయిందనిపించినప్పుడు మళ్లీ తొక్కి రాడ్డు లాగాను.

గర్ర్‌మంది.

"ఇంకొంచెం రేస్ చెయ్యాలి" అని ఆయన మళ్లీ తలుపేసుకుని కూర్చున్నాడు.